మూడో పూత దాకా

జనవరి 10, 1978. మంగళవారం

ఈ ఉదయం మా కుందేలు ఆగ్నెస్ ఎడమ చెవి అంచున, గంజి ఎండి అట్ట కట్టినట్టు, సన్నని తెల్లటి పొర కనిపించింది. గోటితో తాకగానే తల విదిలించి గోనెసంచి మీదికి పోయి కూర్చుంది. వెనక కాలితో చెవిని టపటపా తన్నుకుంది. నిన్న ఇది లేదు. లేదా నిన్న నేను చూడలేదు. కుందేలూ తెలుపే, పొరా తెలుపే.

అమ్మ కాజీపేట వెళ్ళి ఆరు రోజులైంది. రాజమణి అక్క కాన్పయి, బిడ్డకు మెడ నిలిచేదాకా రాదు. ఇంట్లో నేను, నాన్న. పొద్దున ఆరింటికి నాన్న బస్సు డిపోకు వెళ్తే సాయంత్రం దాకా నేను, ఆగ్నెస్, పుస్తకాలు. ఎవరితోనూ మాట్లాడే పని లేదు. ఇంతకంటే ఏం కావాలని మొన్న రాసుకున్నాను.

జనవరి 11

కుడి చెవికి కూడా ఉంది. ముక్కు మీద కొంచెం.

చంద్రమ్మ గిన్నెలు తోమి లోపలికి వచ్చి, ఆగ్నెస్ గోనెను పిట్టగోడ మీద దులిపి, మూల ఊడుస్తూ ఆగింది.

"ఏందే చెవుల దొరసానీ, గట్ల గీక్కుంటున్నవ్? పేండ్లు పడ్డయా?" అని దాన్ని అడిగింది. తర్వాత నాతో, "బిడ్డా, దీని ఒంట్లె ఏదో ఉన్నది. ఎవలకన్న సూపియ్యరాదు."

"చలిగాలికి చర్మం పగిలింది" అన్నాను.

"గాలి దీనికొక్కదానికేనా? నాకు లేదా, నీకు లేదా?" నవ్వుకుంటూ మెట్లు దిగి కింద మా ఇంటి యజమానురాలు షౌకత్ బీ గారి ఇంట్లోకి వెళ్ళింది. అక్కడ ముగించి పక్కింటి నాగమణమ్మ గారిల్లు, ఆ తర్వాత మూల మీది కిరాణా దుకాణం వాసవాంబ గారిల్లు. మా గల్లీలో ఆమెకు మా ఇంటితో కలిపి నాలుగిళ్ళ పని.

సాయంత్రం నాన్న కూడా చూశాడు. చెవి పట్టుకుని దీపం దగ్గర తిప్పి చూసి వదిలేశాడు.

"రాహేలూ, ముందే చెప్తున్న. జాన్వర్లను పెంచద్దనే ఇంటామె మనకు పై ఇల్లు ఇచ్చింది. దీని మూతి చూసి కరిగింది గని లేకుంటే లేదు. దీంతోని ఆమెకు ఏమన్న తక్లీఫ్ అయితే గా దినమే పట్కపోయి ఇషాక్ కోళ్ళ దుకాణంల ఇచ్చేస్త."

ఇషాక్ దుకాణంలో కుందేలును పెంచుకోవడానికి ఎవరూ కొనరు.

జనవరి 12

అఫ్జల్‌గంజ్ లైబ్రరీకి వెళ్ళాను. పశువుల వైద్యం మీద ఒక ఇంగ్లీషు పుస్తకం దొరికింది. ఆవులు, గొర్రెలు, గుర్రాలు. కుందేలు గురించి ఒకటే పేజీ, అదీ ఎలా వండకూడదో, ఏ రోగం ఉంటే తినకూడదో. ఇంకో పుస్తకం ఉందా అని కౌంటరు దగ్గర అడగాలి. మూడుసార్లు లేచాను. మూడోసారి కౌంటరు దాకా వెళ్ళి, టైమెంతయిందని అడిగి వచ్చాను. గోడ మీద గడియారం ఉంది.

జనవరి 13

మణికట్టు మీద నాలుగు ఎర్రటి పొక్కులు. దోమలు.

జనవరి 15, ఆదివారం

గుడికి వెళ్ళలేదు. తలనొప్పి, చర్చికి రాలేనని నాన్నకు చెప్పాను. ఆగ్నెస్ ముక్కు మీది అట్ట చీలి రక్తం కనిపిస్తోంది. రాత్రి నుంచి ఒక్క క్షణం గీక్కోవడం ఆపలేదు. ముందరి పాదాల మీద గోళ్ళ పక్కన కూడా తెల్లగా లేచింది.

షౌకత్ బీ సాయంత్రం కింది నుంచి పిలిచారు, రోజూ పిలిచినట్టే, రాహేలును రాహీలా చేసి. "రాహీలా! మా ఖర్గోష్ బేగం ఏది? కొత్మీర్ తెచ్చి పెట్టిన!" రోజూ ఆ సమయానికి ఆగ్నెస్ ఆవిడ తఖ్తు బల్ల మీద, ఆవిడ ఒళ్ళో, దులాయి దుప్పటి కింద ముడుచుకుని కొత్తిమీర నములుతుంది. జలుబు చేసిందని చెప్పాను. "హాయ్ అల్లా, ఖర్గోష్‌కు జుకామ్!" అని నవ్వారు. నవ్వుతూనే ముంజేయి గోకుకున్నారు. చలికాలంలో పెద్దవాళ్ళ చర్మం పొడిబారుతుంది.

జనవరి 16

పశువుల దవాఖానాకు వెళ్ళాను. ఒక్కదాన్నే.

వెదురు బుట్ట మీద నా పాత స్కూలు చున్నీ కప్పి బస్సులో తీసుకెళ్ళాను. పక్కన కూర్చున్న ముసలాయన అరగంట సేపు "కోడా? పిల్లా?" అని అడుగుతూనే ఉన్నాడు. గేదెలు, మేకలు, ఒక గుర్రం, వాటి మనుషులు. వరసలో ఆడది నేనొక్కదాన్నే. నా వంతు వచ్చింది. బుట్ట మీద చున్నీ తీసి చూపించాను.

డాక్టరు సోమశేఖర్ గారు నెమ్మదైన మనిషి. చిన్న బ్లేడు అంచుతో చెవి పొరను గీకి గాజు పలక మీద వేసి, మైక్రోస్కోపులో చూసి, నన్నూ చూడమన్నారు. గుండ్రంగా, పొట్టి కాళ్ళతో ఏదో పాకుతోంది. ఒకటి కాదు. వెలుగులో మెల్లగా ఈదుతున్నట్టు.

"గజ్జి పురుగు. చర్మంలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది. అట్టలు పీకకండి, నూనె పెట్టి నాననివ్వండి, అవే ఊడతాయి. ఒక వంతు గంధకం, ఎనిమిది వంతుల కొబ్బరినూనె, మెత్తగా నూరి పల్చగా పూయండి. ఒళ్ళంతా ఒకేసారి వద్దు. మొదటి రోజు ముందు సగం, మర్నాడు వెనక సగం. నాకనివ్వకండి. మందు పురుగును చంపుతుంది కానీ గుడ్డును చంపదు. గుడ్డు పగిలి పురుగు వచ్చాక మళ్ళీ పూయాలి. అందుకని ఏడు రోజులకొకటి, మూడు పూతలు. గోనె తగలబెట్టండి, పెట్టె మీద మరిగే నీళ్ళు పోసి ఎండబెట్టండి."

ఇంట్లో ఎవరికైనా దురద ఉందా అని అడిగారు. జాకెట్టు చేయి కిందికి లాక్కుని, లేదన్నాను.

"రావచ్చు. వస్తే భయపడకండి. మనిషి మీద ఈ పురుగు ఎక్కువ కాలం బతకదు. కుందేలుకు తగ్గితే వాళ్ళకూ తగ్గుతుంది. దాన్ని ఎత్తుకునే వాళ్ళకు మాత్రం చెప్పండి."

చెప్తానన్నాను.

జనవరి 17

బేగంబజార్‌లో గంధకం. పసుపుపచ్చటి గడ్డలు, అగ్గిపుల్ల వాసన. చర్మానికా, పొలానికా అని సేఠ్ అడిగాడు. చర్మానికన్నాను. "ఎవలకు?" నాకే అన్నాను. జాలిగా చూసి ఒక చిటికెడు ఎక్కువ వేశాడు.

అమ్మ మందుల కల్వంలో నూరాను. పాత క్యాలెండరు అట్టను గుండ్రంగా కత్తిరించి ఆగ్నెస్ మెడకు పట్టీలా కట్టాను, నాకకుండా. అచ్చం మా లెక్కల సిస్టర్ ఆగ్నెస్‌లా ఉంది. తెల్ల బట్టలు, మెడ చుట్టూ అట్ట, ఎప్పుడూ జపం చేస్తున్నట్టు కదిలే మూతి. తెచ్చిన రోజే ఆ మూతి చూసి ఆవిడ పేరు పెట్టాను. చెవులు, ముక్కు, ముందు పాదాలు, మెడ. మొదటి పూత. రేపు వెనక సగం.

నాన్న రాగానే, "ఏందిది, ఇంట్ల టపాకాయల వాసన?"

"మొహం మీద మొటిమలకు మందు."

"నీకు మొటిమలేడున్నయి?"

తగ్గాయన్నాను.

గోనె తగలబెట్టాను. ఇంతకాలం ఆ గోనెను రోజూ చేత్తో ఎత్తి దులిపింది చంద్రమ్మ.

జనవరి 18

షౌకత్ బీ గారికి ముంజేతుల మీద, పొట్ట మీద దద్దుర్లు. వారమైందట. హకీం గారు ఒంట్లో వేడి అన్నారట. వంకాయ మానేశారు, చేపలు మానేశారు, మామిడికాయ తొక్కు మానేశారు. "ఇగ ఏం మానాలె బేటీ, ఊపిరొక్కటే ఉన్నది" అన్నారు. పాన్ డబ్బా అందిస్తూ ఆవిడ చేతుల వైపు చూడకుండా ఉన్నాను.

చంద్రమ్మ వేళ్ళ సందుల్లో కూడా ఉంది. తోమిన గిన్నె అందించేటప్పుడు చూశాను. బూడిదతో తోమే చేతులు. బూడిద వల్లే అయి ఉంటుంది.

రేపు చెప్తాను. ముందు ఒక పూత పని చేస్తోందో లేదో చూడాలి కదా.

జనవరి 19

మధ్యాహ్నం కింద పెద్ద లొల్లి. షౌకత్ బీ చంద్రమ్మను పనిలోంచి మాన్పించారు. ఆ దురద, ఖుజ్లీ, తనే అంటించిందని. ఇక గేటు లోపలికి రావద్దన్నారు. నేను మేడ మీద చదువుకుంటున్నాను.

జనవరి 20

గేటు దాటి రావద్దంటే మా ఇంటికీ రావద్దనే. మెట్లు వాళ్ళ వాకిట్లోంచే కదా. "ఇల్లు ఆమెది, మాట ఆమెది. అమ్మ వచ్చేదాక నువ్వే తోముకో" అన్నాడు నాన్న.

తోముకున్నాను. బూడిద తగిలి మణికట్టు భగ్గుమంది. కళ్ళలో నీళ్ళు వచ్చాయి, నొప్పికి.

నల్లా దగ్గర నాగమణమ్మ గారు: "మంచిగ చేసింది షౌకత్ బీ. ఊరంత తిరిగే చేతులు. నేను గూడ రావద్దని చెప్పిన. మా ఇంట్ల ఎవలకు రాలేదు గని, వచ్చేదాక ఆగుతమా?"

బిందె నిండింది. ఎత్తుకుని వచ్చేశాను.

జనవరి 21

వాసవాంబ గారు కూడా మాన్పించారు. నాలుగిళ్ళూ అయిపోయాయి. మా ఇంటిని కూడా లెక్కపెట్టాను.

ఆగ్నెస్ కుడి చెవి మీది అట్ట ఊడింది. కింద గులాబీ రంగు చర్మం, కొత్తది. ఎంత అందంగా ఉందో.

జనవరి 23

ఇప్పుడు చెప్తే ఏమవుతుంది? నాన్న మాటంటే మాటే. ఇషాక్ దుకాణం. పురుగు పూర్తిగా చావకముందే చెప్తే, ఇంకా రోగం ఉంది కదా అంటారు. మూడు పూతలూ అయ్యాక చెప్తే, తగ్గిపోయింది, ఇక పంపడం ఎందుకంటాను. అప్పుడు చెప్తే ఆగ్నెస్ ఉంటుంది, చంద్రమ్మ కూడా పనిలోకి వస్తుంది. ఎనిమిది రోజులే. ఎనిమిది రోజుల్లో ఎవరికీ ఏమీ కాదు.

జనవరి 24

రెండో పూత. డాక్టరు పల్చగా అన్నారు. త్వరగా తగ్గాలని కొంచెం దట్టంగా పూశాను. సగం సగం కాకుండా ఒళ్ళంతా ఒకేసారి.

జనవరి 25

ఆగ్నెస్ తినడం లేదు.

పొద్దున పెట్టిన ముల్లంగి ఆకు అలాగే వాడిపోయి ఉంది. మూలలో ముడుచుకుని కళ్ళు సగం మూసి కూర్చుంది. మూతి కదలడం లేదు. మెడ పట్టీ జారి ఉంది, నాకింది. పళ్ళు కొరుకుతున్న శబ్దం. ఎత్తితే ఎప్పుడూ గింజుకునేది, ఇప్పుడు చేతిలో మెత్తగా వేలాడింది.

చంద్రమ్మ ఉంటే ఏం చేయాలో చెప్పేది. చిన్నప్పుడు మేకలను కాసిందట.

మందు తుడిచేయాలి. మగ్గు నీళ్ళు గోరువెచ్చగా కాచి, గుడ్డ తడిపి, పిండి, తుడిచాను. మళ్ళీ తడిపి, పిండి. నూనె వదలదు. సీకాయ పొడి కొంచెం వేశాను. మొత్తం తడిపితే చలికి గుండె ఆగుతుందేమోనని ఒక్కో కాలు తుడవడం, ఆరబెట్టడం. మిద్దె మీద ఎండలో నా ఒళ్ళో పెట్టుకుని మధ్యాహ్నం రెండింటి దాకా కూర్చున్నాను. దాని గుండె నా అరచేతిలో చాలా వేగంగా కొట్టుకుంది. ఒక్కోసారి ఆగినట్టుండేది, అప్పుడు నేను కూడా ఊపిరి ఆపేదాన్ని.

దేవుణ్ణి ప్రార్థించాను. ఇది బతికితే అన్నీ చెప్పేస్తానన్నాను.

చెంచాతో నీళ్ళు పోస్తే పక్కనుంచి కారిపోయాయి.

జనవరి 26

కింద షౌకత్ బీ గారి రేడియోలో ఢిల్లీ కవాతు. దాని మధ్యలో కర్ కర్ మని శబ్దం. ఆగ్నెస్ ముల్లంగి ఆకు కాడ నములుతోంది.

ఏడ్చాను. తర్వాత అన్నం వండాను.

అన్నీ చెప్పేస్తానన్నది మూడో పూత అయ్యాక అనే ఉద్దేశంతోనే.

జనవరి 28

అలియాబాద్ వైపు కూరగాయలకు వెళ్ళాను. రోడ్డు పక్క కొత్త మేడ కడుతున్నారు. తట్ట నెత్తిన పెట్టుకుని నిచ్చెన ఎక్కుతున్న ఆడవాళ్ళలో చంద్రమ్మ ఉంది. నేను ముందే చూశాను. అరుగు చాటుకు వెళ్ళబోయాను కానీ ఆమె తట్ట దింపి పిలిచింది.

"ఏం బిడ్డా, గింత దూరమొచ్చినవ్?"

చేతులు మోచేతుల దాకా సున్నంతో తెల్లగా ఉన్నాయి. వేళ్ళ సందుల్లో చర్మం చీలి ఎర్రగా ఉంది. నేను చూడటం చూసి చేతులు వెనక్కి పెట్టుకుంది.

"దవాఖానల తెల్ల మందు ఇచ్చిండ్రు. రాస్తే మంట, దాని మీద సున్నం మంట. మేస్త్రి ఒక్క రోజు రాకుంటె పేరు కొట్టేస్తడు. ఏం జేద్దు? ఎవ్వలు రానిస్తలేరు. గౌలిపురదాక అడిగిన. నా కంటె ముందుగాల నా గజ్జి ముచ్చట పోయి కూసుంటున్నది అక్కడ."

సంచి ఇంకో చేతికి మార్చుకున్నాను.

"చెవుల దొరసాని మంచిగున్నదా?"

బాగుందన్నాను.

ఆమె నా వైపు కాసేపు చూసింది. మేస్త్రి అరిచాడు. తట్ట ఎత్తుకుంది.

జనవరి 29, ఆదివారం

ఎల్లుండే మూడో పూత.

జనవరి 31

మూడో పూత. ముందు సగం. పల్చగా.

ఫిబ్రవరి 1

వెనక సగం.

ఫిబ్రవరి 2

డాక్టరు సోమశేఖర్ గారు మూడు చోట్ల గీకి చూశారు. ఏమీ లేదన్నారు. "మంచి పని చేశారు. చాలామంది ఒక పూతకే ఆపేస్తారు" అన్నారు. బుట్టలో ఆగ్నెస్ చెవులు రెండూ నిటారుగా నిలిచి ఉన్నాయి. ఆ మాట విని సంతోషపడ్డాను. సంతోషపడ్డాననే నిజం రాయాలి.

ఈ రోజు చెప్పలేదు. బస్సులో వచ్చేసరికి పొద్దుపోయింది.

ఫిబ్రవరి 3

శుక్రవారం షౌకత్ బీ గారికి నమాజు, చుట్టాలు.

ఫిబ్రవరి 4

తలనొప్పి.

ఫిబ్రవరి 5, ఆదివారం

షౌకత్ బీ పిలిచారు. తఖ్తు మీద కూర్చోబెట్టి రెండు ముంజేతులూ చాచి చూపించారు. మచ్చలు మాత్రం ఉన్నాయి, దద్దుర్లు లేవు.

"చూసినవా బేటీ? అది పోయింది, ఖుజ్లీ పోయింది. వారం దినాలల్ల మొత్తం సాఫ్! హకీం సాబ్ వేడి అన్నడు, వంకాయ అన్నడు. వంకాయ కాదు, చంద్రమ్మ! నాకు దిల్‌ల కొంచెం షక్ ఉండె, బిచారీని ఊకెనే తీసేసిననా అని. ఇప్పుడు లేదు. మొత్తం గల్లీకి చెప్పిన."

నా కుందేలు మీద నేను పూసిన మందు చంద్రమ్మ మీద నేరం రుజువు చేసింది.

ఆవిడ పాన్ చుట్టి ఇచ్చారు. తీసుకున్నాను. నోట్లో పెట్టుకోలేకపోయాను.

ఫిబ్రవరి 6

చెప్పాను.

పొద్దున పదింటికి. మెట్లు దిగడానికి చాలాసేపు పట్టింది. షౌకత్ బీ బియ్యం ఏరుతున్నారు. చేట ముందు నిలబడి, ముందే కంఠస్థం చేసుకున్న వాక్యాలు చెప్పాను. ఆగ్నెస్‌కు గజ్జి. నెల నుంచి. డాక్టరు పురుగును చూపించారు. మీకు దాని నుంచి వచ్చింది. చంద్రమ్మకు దాని గోనె నుంచి వచ్చింది. నాకు కూడా వచ్చింది. జాకెట్టు చేయి పైకి లాగి చూపించాను. కుందేలుకు తగ్గింది కాబట్టి మీకు తగ్గింది.

చేటలో ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"ఎప్పటి సంది తెలుసు నీకు?"

"పదహారో తారీఖు నుంచి."

"దాన్ని తీసేసింది పందొమ్మిదికి." వేళ్ళ మీద లెక్కపెట్టారు. "మూడు దినాలు ముందట. తర్వాత ఇంకో పద్దెనిమిది దినాలు. రోజూ నా ముందర కూర్చున్నవ్. పాన్ డబ్బా అందించినవ్."

"మీరు ఆగ్నెస్‌ను ఉండనివ్వరని... నాన్న ఇషాక్ దుకాణంలో ఇచ్చేస్తానన్నాడు."

"ఎవరన్నరు ఉండనియ్యనని? నేనన్ననా?" ఆవిడ గొంతు మొదటిసారి పెరిగింది. "బేజుబాన్ జాన్వర్, నోరు లేనిది! దానికేం తెలుసు! మొదటి దినమే చెప్తే ఇద్దరం కూర్చొని మందు రాద్దుము. నేనే గంధకం తెప్పిద్దును."

తర్వాత ఇంకో మాట అన్నారు. అది ఇక్కడ రాయను.

చివరికి, "నేను పర్దాల ఉండేదాన్ని, ఆమె ఇంటికి పోలేను. పోయి పిలుచుకరా. నా నోటితోని నేను మాఫీ అడుగుత. నీ నోటితోని నువ్వు చెప్పు" అన్నారు.

రాత్రి భోజనం దగ్గర నాన్నకు కూడా చెప్పాను. కంచం పక్కకు జరిపాడు. షౌకత్ బీ గారిలాగే నాన్న కూడా, "గది ఊకె బెదిరిచ్చిన" అంటాడనుకున్నాను.

"నేనైతె గా దినమే ఇచ్చేస్తుంటి. అబద్ధం చెప్పను" అన్నాడు. "గయితే ఏమైతుండె? కుందేలు పోతుండె. గంతే గదా."

ఫిబ్రవరి 7

అలియాబాద్. మధ్యాహ్నం అన్నాల వేళ. చంద్రమ్మ ఇసుక కుప్ప మీద కూర్చుని డబ్బా విప్పుతోంది. పక్కన ఇద్దరు ఆడవాళ్ళు. వాళ్ళు లేచి వెళ్తే చెప్దామనుకున్నాను. వెళ్ళలేదు. వాళ్ళ ముందే చెప్పాను.

ఆమె ఆశ్చర్యపడలేదు.

"నాకెరుకే" అంది. "దాని చెవులు నీకంటె ముందుగాల నేనే సూసిన. మేకలకు రాదా గిది? షౌకత్ బీకి చెప్పిన గూడ, అమ్మా గది కుందేలు గజ్జి అని. నమ్మలే. తెల్లటి కుందేలుకు గజ్జేంది, నీ చేతులు సూసుకో అన్నది."

షౌకత్ బీ పిలుస్తున్నారని చెప్పాను. క్షమాపణ అడుగుతారని.

"రాను."

పక్కనున్న ఆడమనిషి "పోరాదే, పిలుస్తున్నరు గద" అంది.

"ఎందుకు పోవాలె? నాలుగిండ్లల్ల పోయింది నా పేరు. ఒక ఇంట్ల మాఫీ అంటె మూడిండ్లల్ల గట్లనే ఉంటది." నా వైపు తిరిగింది. "నీకు నోరున్నదా బిడ్డా? ఉంటె వాసవాంబ దుకాణంల చెప్పు, మంది ఉన్నప్పుడు. నాగమణమ్మకు చెప్పు, నల్లా కాడ. మెల్లగ కాదు. నన్ను ఎట్ల మాన్పిచ్చిండ్రో గట్ల."

ఫిబ్రవరి 8, బుధవారం

లెంట్ మొదలైంది, ఈస్టర్ ముందటి నలభై రోజుల ఉపవాసాలు. గుడికి వెళ్ళలేదు. నల్లా దగ్గరికి వెళ్ళాను.

ఎనిమిది బిందెల వరస. నాగమణమ్మ గారు మూడోవారు. బిందె కింద పెట్టాను. ఆవిడ వైపు తిరిగి చెప్పాను.

"మా కుందేలుకు గజ్జి వచ్చింది. అది చంద్రమ్మకు అంటింది, షౌకత్ బీ గారికి అంటింది. చంద్రమ్మ ఎవరికీ అంటించలేదు. నాకు తెలిసి కూడా చెప్పలేదు."

"ఏందీ?" అన్నారు వెనక నుంచి ఎవరో. "జర గట్టిగ చెప్పమ్మా."

మళ్ళీ చెప్పాను, గట్టిగా. ఎవరో నవ్వారు. "కుందేలుకు గజ్జా! చదువుకున్నోళ్ళ ఇంట్ల కుందేలు, చంద్రమ్మ కొంపకు నిప్పు!" నాగమణమ్మ గారు నవ్వలేదు. బిందె పక్కకు జరిపి, "రేపటి సంది రమ్మను. నాకు గూడ నడుం పడిపోయింది తోముకోలేక" అన్నారు.

వాసవాంబ గారి దుకాణంలో ఆరుగురున్నారు. అదే మాట గట్టిగా చెప్పాను, ఆవిడ కందిపప్పు తూస్తూనే విన్నారు. తక్కెడ దింపలేదు. "గిప్పుడు చెప్తే ఏం లాభమమ్మా? పదిహేను దినాలైంది వేరే ఆమెను పెట్టుకుని. ఆమెను తీసెయ్యమంటవా?"

 "చంద్రమ్మ తప్పు లేదు" అని ఇంకోసారి చెప్పి దిగాను. 

షౌకత్ బీ గేటు లోపల నిలబడి ఉన్నారు. కిటికీ తెర వెనక కాదు, గేటు దగ్గర. "వచ్చిందా?" అన్నారు. రాలేదన్నాను. లోపలికి వెళ్ళిపోయారు. సాయంత్రం కొత్తిమీర కట్ట ఒకటి మెట్టు మీద పెట్టి ఉంది. నన్ను పిలవలేదు.

ఫిబ్రవరి 9

మళ్ళీ అలియాబాద్ వెళ్ళి జరిగింది చెప్పాను. చంద్రమ్మ విన్నది. వాసవాంబ గారి మాట దగ్గర తల ఊపింది, అంతేనన్నట్టు.

"నాగమణమ్మ ఇంటికి పోత. షౌకత్ బీ... సూస్త, కోపం తగ్గినంక. పెద్దామె. ఆమె నమ్మింది గాబట్టి తీసేసింది." తట్ట బోర్లించి దాని మీద కూర్చుంది. "మీ ఇంటికైతె రాను బిడ్డా. అమ్మ వచ్చి పిలిచినా రాను. ఎందుకో నీకెరుక."

ఎరుకే.

ఇంటికి వచ్చి ఆగ్నెస్‌కు మేత పెట్టి, ఈ డైరీలో జనవరి 19 పేజీ తీశాను. అందులో రాసింది నిజం కాదు. ఆ మధ్యాహ్నం నేను మేడ మీద లేను. షౌకత్ బీ పిలిస్తే కిందికి దిగి, వాకిట్లో చంద్రమ్మకు రెండడుగుల దూరంలో నిలబడ్డాను. "ఇది కుందేలు గజ్జి అంటున్నది. నువ్వు చదువుకున్న పిల్లవు, అబద్ధం ఆడవు. చెప్పు రాహీలా, దీని చేతులు నాకు రాకముందటి సందే గిట్ల ఉన్నయా?" అని ఆవిడ అడిగారు. చంద్రమ్మ నా వైపు చూసింది.

ఉన్నాయని చెప్పాను.